రోమియో జూలియట్ వేసే స్టూడెంట్స్ ముందు నేర్చుకోవాల్సింది వినడం

స్టూడెంట్స్ రోమియో జూలియట్ ఎత్తుకున్నప్పుడు మొదటి వారం రిహార్సల్స్‌లో ఎక్కువగా జరిగేది ఏంటంటే, రోమియో వేసే అబ్బాయి ఎంట్రీ నుంచే గొంతు బరువు చేసేసుకుంటాడు, జూలియట్ వేసే అమ్మాయి తల ఓ పక్కకి వాల్చి కళ్ళు సగం మూసి నిలబడుతుంది, ఇద్దరూ డైలాగులు హాల్లో చివరి వరస వెనక గోడకి చెప్తుంటారు. డైలాగ్ ఎక్కడా తప్పదు, ఎక్స్‌ప్రెషన్స్ కూడా ఉంటాయి, అయినా చూసేవాళ్ళకి ఏమీ అనిపించదు. డైరెక్టర్ ఇంకొంచెం ఫీల్ పెట్టమంటారు, ఇద్దరూ ఇంకొంచెం గట్టిగా నిట్టూరుస్తారు, సీన్ ఇంకొంచెం పాడవుతుంది.

అసలు అక్కడ ఫీల్ తక్కువై కాదు అలా అయ్యేది. ప్రేమిస్తున్నట్టు కనపడాలన్న కంగారులో ఎదుటి మనిషి ఏమన్నాడో ఇద్దరూ వినడం మానేస్తారు. విచిత్రం ఏంటంటే షేక్‌స్పియర్ ఈ ఇద్దరి ప్రేమనీ మొత్తం వినడం మీదే కట్టాడు, స్క్రిప్ట్ నిదానంగా చదివితే అది లైన్ లైన్‌కీ దొరుకుతుంది, కానీ కథ అందరికీ ముందే తెలుసు కాబట్టి ఎవరూ నిదానంగా చదవరు. సినిమాల్లో చూసిన రోమియో, పోస్టర్ల మీద చూసిన బాల్కనీ, వీటితోనే రిహార్సల్‌కి వచ్చేస్తారు. ఆ బాల్కనీ అనే మాట నాటకంలో ఒక్కసారి కూడా లేదు, ఆమె పైన కిటికీ దగ్గర ఉందని మాత్రమే ఉంది.

ముందు లెక్క చూద్దాం. నాటకం 1595 ప్రాంతంలో రాసింది, 1597లో పొట్టిగా అతుకులబొంతలా ఒకసారి అచ్చయింది, 1599లో పూర్తి పాఠం వచ్చింది, ఇప్పుడు మనకి దొరికే పుస్తకాలు ఎక్కువగా ఆ 1599 పాఠం మీదే ఆధారపడతాయి. దీనికి మూలం ఆర్థర్ బ్రూక్ 1562లో రాసిన పెద్ద పద్య కథ. అందులో కథ నెలల తరబడి నడుస్తుంది, జూలియట్‌కి 16 ఏళ్ళు కావస్తుంటాయి. షేక్‌స్పియర్ ఆ నెలల్ని ఐదు రోజుల్లోకి కుదించాడు, అమ్మాయి వయసుని 14 కూడా నిండని వయసుకి దించాడు. ఆదివారం రాత్రి విందులో కలుస్తారు, సోమవారం మధ్యాహ్నానికి పెళ్ళయిపోతుంది. ఒక్క రోజు కూడా తిరగలేదు. స్టూడెంట్ యాక్టర్స్ ముందు ఈ వేగాన్ని పట్టుకోవాలి, ఎందుకంటే ఇంత తొందరలో ఉన్న మనుషులకి నిట్టూర్చే టైమ్ ఉండదు.

ఇంకో లెక్క ఇంతకన్నా ముఖ్యం. ప్రపంచంలోనే పేరున్న ఈ జంట బతికుండగా స్టేజ్ మీద ఒకరితో ఒకరు మాట్లాడుకునేది నాలుగే నాలుగు సీన్లలో. విందులో మొదటిసారి, అదే రాత్రి కిటికీ దగ్గర, పెళ్ళికి ముందు మఠంలో ఫ్రయర్ (క్రైస్తవ సన్యాసి) లారెన్స్ దగ్గర కొద్దిసేపు, పెళ్ళయిన రాత్రి గడిచి తెల్లవారేటప్పుడు ఒకసారి. అంతే. మిగతా నాటకమంతా ఒకరి గురించి ఇంకొకరు వేరే వాళ్ళతో మాట్లాడటమో ఒంటరిగా మాట్లాడుకోవడమో. కాబట్టి ఇద్దరు యాక్టర్లూ కలిసి రిహార్సల్ చేసే టైమ్ నిజానికి చాలా తక్కువ, ఆ కాస్త టైమ్‌లో ఒక్కో లైన్ ఎంత పని చేస్తుందో తెలుసుకోకపోతే ఆడియెన్స్ ఈ ప్రేమని నమ్మడానికి ఇంకో అవకాశం ఉండదు.

మొదటి కలయికనే తీసుకోండి. ఆ మాటలు మామూలు సంభాషణలా కనిపిస్తాయి కానీ అది 14 లైన్ల సానెట్, ఒకే పద్యాన్ని ఇద్దరు పంచుకుని చెప్పడం అన్నమాట. మొదటి నాలుగు లైన్లు రోమియోవి, తను యాత్రికుడు, ఆమె గుడి, తన పెదాలు సిగ్గుపడే ఇద్దరు యాత్రికులు అని ఒక పోలిక ఎత్తుకుంటాడు. తర్వాత నాలుగు లైన్లు జూలియట్‌వి. ఆమె ఆ పోలికని వదిలెయ్యదు, అతని మీదకే తిప్పుతుంది, యాత్రికులు మొక్కేటప్పుడు చేతికి చెయ్యి తాకిస్తారు కదా, అదే వాళ్ళ ముద్దు అంటుంది. ఇక్కడ చాలామంది గమనించకుండా దాటిపోయే సంగతి ఒకటుంది, రోమియో రెండో లైన్, నాలుగో లైన్ ఏ మాటలతో ముగించాడో జూలియట్ కూడా తన రెండో లైన్, నాలుగో లైన్ సరిగ్గా అవే మాటలతో ముగిస్తుంది. అంటే ప్రాస కుదర్చడానికి అతని మాటల్నే తీసుకుంది. అంత శ్రద్ధగా వినకపోతే అది కుదరదు. అవధానంలో ఇచ్చిన పదాన్ని పట్టుకుని అక్కడికక్కడే పద్యం అల్లినట్టు ఆ అమ్మాయి అప్పటికప్పుడు అల్లుతోంది, ఆ క్షణంలో రోమియోకి అర్థం కావాల్సింది కూడా అదే, ఈమె అందగత్తె మాత్రమే కాదు, నేను అన్న మాటని నాకన్నా బాగా తిప్పి చెప్పగలదు అని. ఆ తర్వాత లైన్లు పొట్టిగా అయిపోతాయి, అతనిది ఒకటి, ఆమెది ఒకటి, అతనివి రెండు, మళ్ళీ చెరొకటి, పద్నాలుగో లైన్ దగ్గర ముద్దు. పద్యం పూర్తవడమే ముద్దుకి దారి.

దీన్ని రిహార్సల్లో ఎలా పెట్టాలి అంటే కూర్చుని చదవడమే మొదటి పని. కదలికలు, లైట్లు, మ్యూజిక్ అన్నీ తర్వాత. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, జూలియట్ తన లైన్ చెప్పే ముందు రోమియో లైన్‌లో తనని పట్టి లాగిన మాట ఏదో దాన్ని పైకి అని, ఆ తర్వాత తన లైన్ మొదలుపెట్టాలి, రోమియో కూడా అంతే. మొదట్లో వింతగా ఉంటుంది, నాలుగైదు సార్లకి తర్వాతి డైలాగ్ జ్ఞాపకంలోంచి రావడం ఆగిపోయి ఎదుటివాళ్ళ నోట్లోంచి వస్తున్నట్టు అనిపించడం మొదలవుతుంది. అమెరికన్ యాక్టింగ్ టీచర్ శాన్‌ఫోర్డ్ మైస్నర్ పేరు చెప్పగానే గుర్తొచ్చే రిపిటీషన్ ఎక్సర్‌సైజ్ కూడా ఈ దారిలోదే, ఎదుటి మనిషిలో కనిపించిందాన్ని పైకి చెప్పడం, వాళ్ళు దాన్నే తిరిగి చెప్పడం, అలా అంటూ అంటూ పోతే చెప్పే తీరు దానంతటదే మారుతుంది, ఎవరూ మార్చక్కర్లేదు. డైలాగులు విడివిడిగా ఇంట్లో బట్టీ పట్టుకుని వచ్చిన వాళ్ళకి ఇది కష్టం, ఎందుకంటే వాళ్ళు డైలాగ్‌తో పాటు దాన్ని పలికే ట్యూన్ కూడా బట్టీ పట్టేసి ఉంటారు.

తెలుగువాళ్ళకి ఇంగ్లీష్ వాళ్ళకన్నా తేలిగ్గా అందే సంగతి ఇంకోటి ఉంది ఇందులో. అప్పటి ఇంగ్లీష్‌లో మన మీరు, నువ్వు లాగే రెండు పిలుపులు ఉండేవి. విందులో జూలియట్ రోమియోని మీరు అనే పిలుస్తుంది, ముద్దు అయ్యాక కూడా మీరనే అంటుంది. కొంచెంసేపటికి కిటికీ దగ్గర, అతను వింటున్నాడని తెలియక ఒంటరిగా మాట్లాడుకునేటప్పుడు నువ్వు అయిపోతుంది. ఆ తర్వాత అతను కింద చీకట్లోనే ఉన్నాడని, అంతా విన్నాడని తెలుస్తుంది, ఇంక వెనక్కి వెళ్ళి మీరు అనలేదు, నువ్వుతోనే కొనసాగిస్తుంది. మన భాషలో ఈ మార్పు ఎంత పెద్దదో చెప్పక్కర్లేదు, ఒక మనిషిని మీరు నుంచి నువ్వులోకి తెచ్చుకోవడానికి కొందరికి నెలలు పడుతుంది, కొందరు జన్మలో తెచ్చుకోలేరు. జూలియట్‌కి ఒక్క సాయంత్రం పట్టింది. ఈ నాటకాన్ని తెలుగులో వేసేవాళ్ళు అనువాదంలో ఈ తేడా పోగొట్టుకుంటే చాలా నష్టం, ఇంగ్లీష్‌లోనే వేసే తెలుగు స్టూడెంట్స్ అయినా ఒకసారి ఆ సీన్‌ని సొంత మాటల్లో తెలుగులో ఆడి చూస్తే ఆ నువ్వు దగ్గర గొంతు దానంతటదే తడబడుతుంది, ఆ తడబాటుని దాచుకుని మళ్ళీ ఇంగ్లీష్ లైన్‌కి తెచ్చుకోవచ్చు.

కిటికీ సీన్ సంగతికొస్తే, రోమియో రోమియో నువ్వు రోమియోవి ఎందుకయ్యావు అని ఆమె అనే లైన్‌ని ఇప్పటికీ ఎంతోమంది ఎక్కడున్నావు అని అర్థం చేసుకుని చీకట్లోకి చూస్తూ చేతులు చాపుతారు. ఆమె వెతకట్లేదు. అన్ని ఇళ్ళు ఉండగా నువ్వు మా శత్రువుల ఇంట్లో ఎందుకు పుట్టావు, ఆ పేరు నీకెందుకు అని తనలో తనే వాదించుకుంటోంది. వాదన అని తెలిసిన నటి నిలబడే తీరు వేరు, ఆమె చెయ్యి గాల్లోకి పోదు, బహుశా వేళ్ళ మీద లెక్క పెడుతుంది, పేరంటే చెయ్యి కాదు కాలు కాదు మొహం కాదు అని నిజంగానే ఆ లైన్లలో లెక్కే ఉంది.

అతను మాట్లాడగానే ఆమె మొదట గుర్తుపట్టదు, ఎవరు నువ్వు చీకట్లో దాక్కుని నా మాటలు విన్నది అంటుంది. రెండో మాటకి గుర్తుపడుతుంది, ఎలాగంటే గొంతుతో. నీ మాటలు ఇంకా వంద కూడా నా చెవిలో పడలేదు, అయినా నీ గొంతు తెలుసు అనే అర్థం వచ్చే లైన్ ఉంది అక్కడ. వినడం గురించి చెప్తున్నదంతా ఎవరో తెచ్చిపెట్టిన థియరీ అనుకునేవాళ్ళు ఈ లైన్ చూస్తే చాలు. పైగా అది చీకటి, స్టేజ్ మీద లైట్లు ఎంత ఉన్నా ఆ పాత్రలకి అది చీకటే, ఒకళ్ళ మొహం ఒకళ్ళకి సరిగ్గా కనపడదు, చీకటి లేకపోతే నా మొహం ఎంత ఎర్రబడిందో నీకు కనిపించేది అని ఆమె చెప్తుంది కూడా. అందుకే ఈ సీన్‌ని ఒకసారి కళ్ళకి గంతలు కట్టించి, లేదా వీపుకి వీపు ఆనించి కూర్చోబెట్టి చెప్పించి చూడాలి. నిమిషంలో ఇద్దరి వాల్యూమ్ తగ్గిపోతుంది, వేగం పెరుగుతుంది.

ఆ సీన్‌లో ఇద్దరికీ కావాల్సింది ఒకటి కాదని కూడా చూసుకోవాలి. జూలియట్ అడిగేవన్నీ పనికొచ్చే ప్రశ్నలు, గోడ ఇంత ఎత్తుంది ఎలా ఎక్కావు, మావాళ్ళు చూస్తే చంపేస్తారు తెలుసా, ఎవరు దారి చూపించారు. రోమియో జవాబులన్నీ గాల్లో ఉంటాయి, ప్రేమ రెక్కలు కట్టుకుని ఎగిరొచ్చా అంటాడు. చంద్రుడి మీద ఒట్టు అంటే నెల నెలా మారిపోయే చంద్రుడి మీద వద్దు అని ఆమె ఆపేస్తుంది. ఇదంతా మరీ తొందర, మరీ హఠాత్తు, మెరుపులా ఉంది అని భయపడేది ఆమే, అదే ఆమె కాసేపటికి నీ ఉద్దేశం పెళ్ళే అయితే రేపు కబురు చెయ్యి అనేది కూడా. ఇద్దరిలో తెలివైనదీ, ధైర్యం చేసేదీ ఆ 13 ఏళ్ళ పిల్లే. జూలియట్‌ని మెత్తగా, సిగ్గుపడుతూ, కరిగిపోతూ ఆడించే పద్ధతి ఆ పాత్రకి చేసే పెద్ద అన్యాయం. సీన్ చివర్లో మాత్రం ఇద్దరూ పిల్లలైపోతారు, ఆమె వెనక్కి పిలుస్తుంది, ఎందుకు పిలిచానో మర్చిపోయా అంటుంది, గుర్తొచ్చేదాకా ఇక్కడే ఉంటా అంటాడు అతను. నాటకం మొత్తంలో ఇంత మామూలు మాటలు ఇంకో చోట దొరకడం కష్టం, వీటి మీద ఏ ఎక్స్‌ప్రెషనూ వెయ్యకుండా వదిలేస్తే ఆడియెన్స్ నవ్వుతారు, ఆ నవ్వు చాలా అవసరం.

రోమియో వేసేవాడికి వేరే చిక్కు. నాటకం మొదట్లో అతను రోజలిన్ అనే అమ్మాయి మీద ప్రేమతో కుమిలిపోతుంటాడు, బరువైన తేలిక, చల్లటి నిప్పు, ఇలా ఎదురుబొదురు మాటలన్నీ పోగేసి మాట్లాడతాడు, అది అప్పటి ప్రేమ కవిత్వంలో అరిగిపోయిన ఫ్యాషన్. ఆ రోజలిన్ స్టేజ్ మీద ఒక్క మాట కూడా మాట్లాడదు. అంటే అతను అప్పటిదాకా జవాబు రాని ప్రేమలోనే ఉన్నాడు, తన మాటలు తనే వింటున్నాడు. నిట్టూర్పులూ గుండె మీద చేతులూ పెట్టుకోవాలంటే అవి అక్కడ పెట్టుకోవచ్చు, అక్కడే సరిపోతాయి. జూలియట్ జవాబు చెప్పిన క్షణం నుంచి అవి రాలిపోవాలి. ఈ తేడా కనపడకపోతే రోమియో మొదటి నుంచి చివరిదాకా ఒకే రంగులో ఉండిపోతాడు.

పద్యం ఎలా చెప్పాలి, ఫీలింగ్ ఎంత ఉండాలి అన్న తగువు చాలా పాతది. 1935లో లండన్‌లో జాన్ గిల్‌గుడ్, లారెన్స్ ఒలివియర్ అనే ఇద్దరు నటులు ఒకే ప్రొడక్షన్‌లో రోమియో, అతని స్నేహితుడు మెర్క్యూషియో పాత్రల్ని కొన్ని వారాల తర్వాత మార్చుకుని ఆడారు, జూలియట్ పెగ్గీ ఆష్‌క్రాఫ్ట్. గిల్‌గుడ్‌ది పద్యం నడకలో సంగీతం, ఒలివియర్‌ది ఒంట్లో వేడి, పద్యం చెప్పే తీరు బాగాలేదని విమర్శకులు ఒలివియర్‌ని గట్టిగానే అన్నారు. ఇద్దరిలో ఎవరు రైట్ అని ఇప్పటికీ మాట్లాడుకుంటారు కానీ స్టూడెంట్స్‌కి పనికొచ్చే విషయం వేరే ఉంది, పద్యానికీ ఫీలింగ్‌కీ నిజంగా గొడవ లేదు. లైన్‌కి పది అక్షరాల నడక ఉంటుంది, ఆ నడక గుండె కొట్టుకునే తీరుకి దగ్గర, ఒక లైన్‌ని ఇద్దరు పంచుకుంటే మధ్యలో గ్యాప్ ఇవ్వకూడదు అని రచయిత చెప్తున్నట్టు. మన పద్య నాటకాల్లో రాగం తీస్తూ పోతే అర్థం కొట్టుకుపోయినట్టే ఇక్కడా ట్యూన్ కట్టి చెప్తే మనిషి మాయమైపోతాడు, అలాగని వచనంలా విరగ్గొట్టి చెప్తే ఆ తొందర పోతుంది.

ఫీలింగ్ ఎక్కడినుంచి తేవాలి అన్నప్పుడు చాలామంది స్టూడెంట్స్ సొంత జీవితంలో బ్రేకప్ గుర్తు చేసుకుంటారు, నటన నేర్పిన రష్యన్ డైరెక్టర్ స్టానిస్లావ్‌స్కీ చెప్పాడు కదా అని. ఆయన జ్ఞాపకాల మీద పని చేయించిన మాట నిజమే, కానీ చివరి ఏళ్ళలో ఆయన ఎక్కువ బరువు పెట్టింది పాత్ర చేసే భౌతికమైన పనుల మీద. పద్దెనిమిదేళ్ళ మనిషి మానని గాయాన్ని రోజూ రిహార్సల్లో గెలికితే మనిషికీ మంచిది కాదు, సీన్‌కీ మంచిది కాదు, ఎందుకంటే ఆ క్షణంలో కళ్ళు లోపలికి తిరిగిపోతాయి, ఎదురుగా ఉన్న పార్ట్‌నర్ కనపడరు. మన రస సిద్ధాంతం ఈ విషయంలో చాలా సూటిగా ఉంది, శృంగారానికి స్థాయీభావం, అంటే అడుగున నిలిచుండే భావం, రతి, అంటే ప్రేమ, దానికి ఆలంబన ఎదుటి వ్యక్తి. ఆసరా అక్కడుంది, నటుడి లోపల కాదు. నాట్యశాస్త్రంలో ఎనిమిది సాత్విక భావాలు చెప్పారు, స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. కొయ్యబారడం, చెమట, గగుర్పాటు, గొంతు మారడం, వణుకు, రంగు మారడం, కన్నీళ్ళు, స్పృహ తప్పడం. ఇవి కండరాలు బిగించి తెచ్చుకునేవి కాదు, మనసు ఒక చోట నిలిస్తేనే పుడతాయని అక్కడే ఉంది. పార్ట్‌నర్ మీద నిజంగా ధ్యాస నిలిస్తే గొంతు కొంచెం మారుతుంది, అది చివరి వరసకి కూడా తెలిసిపోతుంది.

ఇక ముద్దులు, కౌగిలింతలు. దీని గురించి ఎవరూ ముందుగా మాట్లాడరు, చివరి వారంలో కానిచ్చేద్దాం అనుకుంటారు, అది తప్పు. షేక్‌స్పియర్ కాలంలో జూలియట్‌ని మగపిల్లలే వేసేవాళ్ళు, ఇంగ్లాండ్ స్టేజ్ మీదకి వృత్తిగా ఆడవాళ్ళు వచ్చింది 1660లోనే, అందుకేనేమో ఈ నాటకంలో శృంగారం ఎక్కువ భాగం మాటలే మోస్తాయి, ముట్టుకోవడం తక్కువ. అంటే తక్కువ తాకిడితోనూ ఈ నాటకం పూర్తిగా నిలబడుతుంది. ఈ నాటకం మీద 1968లో వచ్చిన సినిమాలో హీరో హీరోయిన్లు ఇద్దరూ టీనేజర్లే, వయసుకి తగ్గవాళ్ళని తీసుకున్నారని అప్పట్లో అందరూ మెచ్చుకున్నారు, కానీ అందులో నగ్నంగా తీసిన సీన్ విషయంలో ఆ ఇద్దరే దాదాపు 55 ఏళ్ళ తర్వాత కోర్టుకెళ్ళారు. 2023లో ఆ కేసు కొట్టేశారు, అది వేరే సంగతి, అన్నేళ్ళు అది వాళ్ళని వదల్లేదన్నది మాత్రం గుర్తుపెట్టుకోవాలి. ఇప్పుడు ఇలాంటి దగ్గరితనం ఉన్న సీన్లని దగ్గరుండి చేయించే ఇంటిమసీ డైరెక్టర్ అనే పని వచ్చింది, 2018 నుంచి పెద్ద టీవీ సంస్థలు కూడా పెట్టుకుంటున్నాయి. స్టూడెంట్ ట్రూప్‌కి అలాంటి మనిషి దొరక్కపోయినా పద్ధతి దొరుకుతుంది, ఎక్కడ ముట్టుకోవచ్చో ఎక్కడ వద్దో ఇద్దరూ ముందే చెప్పుకోవాలి, కత్తియుద్ధం కొరియోగ్రఫీ చేసినట్టే చెయ్యి ఎక్కడ, ఎన్ని సెకన్లు, ఎవరు ముందు వదులుతారు అని ఫిక్స్ చెయ్యాలి, ఒప్పుకున్నవాళ్ళు తర్వాత వద్దన్నా సరే అనాలి, సీన్ అయ్యాక పాత్రలోంచి బయటికి రావడానికి ఒక చిన్న గుర్తు పెట్టుకోవాలి, చేతులు దులుపుకోవడమో సొంత పేర్లతో పిలుచుకోవడమో. ఫిక్స్ చేస్తే సహజంగా ఉండదేమో అని భయపడతారు, జరిగేది దానికి పూర్తిగా ఉల్టా. తర్వాత ఏం జరుగుతుందో శరీరానికి తెలిసినప్పుడే చెవులు ఖాళీ అవుతాయి.

కెమిస్ట్రీ ఉండాలంటే ఇద్దరూ బయట కూడా జంటైతే బాగుంటుందనే మాట ఒకటి తిరుగుతూ ఉంటుంది, దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

నాలుగో సీన్, తెల్లవారేటప్పుడు జరిగేది, నాలుగింటిలో యాక్టర్లకి ఎక్కువ పని ఉన్నది. అది కూడా చెవి దగ్గరే మొదలవుతుంది, బయట ఏదో పిట్ట కూసింది. అది రాత్రి కూసే నైటింగేల్, ఇంకా తెల్లారలేదు అంటుంది జూలియట్, కాదు అది పొద్దున కూసే భరత పక్షి అంటాడు రోమియో. వెలుగొస్తే అతను దొరికిపోతాడు, దొరికితే చావు. ఆమె పట్టుబట్టేసరికి సరే ఉండిపోతా, చంపితే చంపనీ అంటాడు, అంతే, ఆమె ఒక్క క్షణంలో మాట మార్చేస్తుంది, పో పో అది పొద్దున పిట్టే, గొంతు ఎంత అపశ్రుతిగా ఉందో అంటుంది. కూత అదే, ఆమె విన్న తీరు మారింది. స్టూడెంట్స్ ఇక్కడ ఏడుపు మొదలెట్టేస్తారు, చివరిసారి కదా అని. చివరిసారని వాళ్ళకి తెలియదు. కిందకి దిగిన అతన్ని చూసి సమాధి అడుగున ఉన్న శవంలా కనిపిస్తున్నావని ఆమెకి ఒక్కసారి అనిపిస్తుంది, అది ఒక భయం మాత్రమే, అది దాటి మళ్ళీ మామూలు కావాలి.

అందుకే సమాధి సీన్‌ని మిగతా సీన్ల కన్నా ముందు రిహార్సల్ చెయ్యకపోవడం మంచిది, వీలైతే అన్నిటికన్నా చివర్న ముట్టుకోవాలి. ముందే ఆ సీన్ ఆడేస్తే దాని నీడ మొదటి విందు మీద కూడా పడుతుంది. ఆ సీన్‌లో ఇద్దరికీ జవాబిచ్చే మనిషి లేరు. రోమియో జూలియట్ మొహం చూస్తూ నీ పెదాల్లో, బుగ్గల్లో ఇంకా ఎరుపు ఉందే, చావు ఇంకా ఇక్కడికి రాలేదే అంటాడు, ఆమె బతికే ఉంది, ఆ ఎరుపు నిజంగానే బతుకు తిరిగొస్తున్న ఎరుపు, చూసేవాళ్ళందరికీ అది తెలుసు, అతనికి తెలియదు. ఈ లైన్‌ని విషాదంగా అనకూడదు, ఆశ్చర్యంగా అనాలి, అతను నిజంగా చూసి చెప్పాలి. అతని పక్కన కదలకుండా పడుకున్న అమ్మాయికి ఆ పూట డైలాగ్ లేదు కానీ ఊపిరి ఎంత మెల్లగా తీసుకోవాలో, ఎప్పుడు మింగకుండా ఉండాలో అంతా అతని మాటలు వింటూనే చూసుకోవాలి. కాసేపటికి ఆమె లేస్తుంది, అతను పడుకుంటాడు, అతని పెదాలు ముట్టుకుని ఇంకా వెచ్చగా ఉన్నాయి అంటుంది. అప్పుడు వినాల్సింది కింద పడుకున్న అబ్బాయి.